చూపించని పేట

"ఆ పెట్టె కింద పెట్టండి బావగారూ," అన్నాడు గురునాథరావు.

"పెట్టను," అన్నాడు శ్రీరామ్మూర్తి.

శ్రీరామ్మూర్తి గురునాథరావు భార్య కనకరత్నానికి అన్నగారు. చెల్లెలు కబురు చేసిందే తడవుగా అమలాపురం నుంచి బస్సూ రైలూ మారి నిన్న సాయంత్రం కంచరపాలెంలో దిగాడు. వచ్చిన దగ్గర్నుంచీ మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. సంగతి తేలేదాకా ఈ ఇంట్లో చెయ్యి కడగనని భీష్మించుకున్నాడు.

"ఆఖరిసారి అడుగుతున్నాను. ఆదివారం ఎక్కడికి వెళ్ళారు?"

"డ్యూటీకి."

"నిన్న పోర్టు గేటు దగ్గర అడిగే వచ్చాను నేను. గురునాథరావుగారికి ఆదివారాలు సెలవేనండీ అన్నాడు మీతో పనిచేసే ఆయన."

గురునాథరావు చేత్తో తల నిమురుకున్నాడు. పోర్టులో ఇనపరాయి ఓడలకెక్కించే వైపు టైమ్‌కీపరు అతను. ఎప్పుడు ఎవరొచ్చారో ఎప్పుడు ఎవరెళ్ళారో చెప్పడమే అతని ఉద్యోగం. తన రాకపోకలు మాత్రం చెప్పలేకపోతున్నాడు.

"పోనీ ఆ గుండు సంగతి చెప్పండి," అన్నాడు శ్రీరామ్మూర్తి.

"సింహాచలం అప్పన్నకి మొక్కు. రత్నానికి చెప్పాను."

"మీసం కూడా అప్పన్నే అడిగాడా?"

వంటగది గుమ్మంలో నిలబడ్డ కనకరత్నం మొగుడి మొహంలోకి చూసింది. ఆ మాట తను అడగవలసింది. కిందటి వారం నున్నటి గుండుతో, బోసి మూతితో ఇంటికొచ్చినప్పుడే ఆమె గుండె గతుక్కుమంది. వాళ్ళ వైపు దేవుడికి తల ఇచ్చేవాడు మీసం ఉంచుకుంటాడు. మీసం కూడా తీశాడంటే అయినవాళ్ళెవరో పోయినట్టు.

"మీ నాన్నగారు పోయి చాలా ఏళ్ళయింది," అన్నాడు శ్రీరామ్మూర్తి. "మీ అమ్మగారు ముమ్మిడివరంలో రాయిలా ఉన్నారు. మరి ఎవరి దినానికి తీయించారండీ?"

"చెప్తాను. ఒక్క వారం ఆగండి."

"ఏం, వారంలో ఏమవుతుంది?"

గురునాథరావు క్యారేజీ అందుకున్నాడు. చెప్పుల్లో కాళ్ళు పెడుతూ భార్య వంక ఒక్కసారి చూశాడు. ఆ చూపులో తప్పు చేసినవాడి భయం ఉంది. అది కనకరత్నానికి స్పష్టంగా కనపడింది. కోపంగా చూసినా ఇంత కుంగిపోయేది కాదు.

అతను వీధి మలుపు తిరగ్గానే శ్రీరామ్మూర్తి చెల్లెలి పెట్టె గుమ్మం పక్కన దింపాడు. "నేను స్టేషనుకెళ్ళి టిక్కెట్లు తీసుకొస్తాను. సాయంత్రం బండికి బయల్దేరుతున్నాం. మిగతావి సర్దుకో."

"నేను ఊఁ అనలేదు కదా అన్నయ్యా."

"నువ్వు అనేదేంటే? పెద్దవాణ్ణి నేను చెప్తున్నాను," అని అతనూ వెళ్ళిపోయాడు.

కనకరత్నం గుమ్మంలో కూలబడింది. వెళ్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. మొగుణ్ణి వదిలేసొచ్చిన ఆడదానిగా అన్నగారి పంచన చేరాలి. కూతురు కామేశ్వరి అక్కడే ఉంది, దాని బతుకూ అక్కడే తెల్లారిపోతుంది. వెళ్ళకపోతే ఇంకా హీనం. కళ్ళెదుట మొగుడు మరో గుమ్మం తొక్కుతుంటే క్యారేజీ కట్టి పంపించాలి.

అసలు ఆమె ఈ ఊరొచ్చింది కామేశ్వరి కోసం. పిల్లని ఇక్కడి బళ్ళో వేద్దామని ఎన్నిసార్లన్నా, "ఈ ఊరి దుమ్ము పిల్లకి పడదు రత్నం. ఒక్క గది, ఎక్కడ పడుకుంటుంది?" అంటూ దాటేసేవాడు గురునాథరావు. ఇక లాభం లేదని పిల్లని అన్నగారింట్లో తన తల్లి దగ్గరుంచి, వేసవి మొదట్లో తనే వచ్చి దిగింది. బడులు తెరిచేలోగా కూతుర్ని తెచ్చుకోవాలని ఆమె ఆశ.

"మగోల్లు ఎల్లిపోనారేటి?" అంటూ వచ్చింది ఇంటిగలావిడ వరహాలమ్మ. చేతిలో చీపురుంది గాని ఊడవడానికి రాలేదని ఇద్దరికీ తెలుసు. "ఏటమ్మా, మీ అన్న కేకలు మా వొంటింట్లోకి ఇనబడిపోయినాయి. నాను వినాలని వినలేదు సుమీ."

"వింటే విన్నారులెండి. దాచడానికి ఇంకేం మిగిలింది?"

"దేనికైనా రుజువుండాల గదమ్మా. గుండు సేయించుకుంటే సవితి ఉన్నట్టేటి?"

కనకరత్నం లేచి, దండెం మీది మొగుడి ప్యాంటు తీసుకొచ్చింది. ఆదివారం వేసుకెళ్ళినది. ఉతకలేదు. కావాలనే ఉతకలేదు.

"మిగతా రోజుల్లో ఈయన బట్టలు నానబెడితే బకెట్లో నీళ్ళు తుప్పు రంగులోకి తిరుగుతాయి. చూడండి, ఆదివారం బట్టలకి దుమ్ము నలుసు లేదు. కాళ్ళ దగ్గర చూడండి."

వరహాలమ్మ అంచు తిప్పి చూసింది. గింజలు బారులు బారులుగా గుచ్చుకుని ఉన్నాయి.

"ఉత్తరేణి," అంది.

"పోర్టులో ఉత్తరేణి మొలుస్తుందా అండీ?"

"రాళ్లూ రైలు పట్టాలూ తప్ప ఏటుంటాది అక్కడ?" వరహాలమ్మ గొంతు తగ్గించింది. "ఇంత ఉత్తరేణి ఉండాలంటే బీడై ఉండాల. గాజువాక అవతల, స్టీలు ప్లాంటోల్లకి ఊల్లిచ్చినోల్ల కొత్త కాలనీలున్నాయి సూడు, అక్కడ పొదలే పొదలు. మా మేనగోడల్ని అక్కడే ఇచ్చినాం."

గాజువాక. ఆ పేరు వినగానే కనకరత్నానికి ఇన్నాళ్ళూ తెలియకుండా గుచ్చుకుంటున్న ముల్లేదో చేతికి తగిలినట్టయింది.

వచ్చిన కొత్తలో గురునాథరావు ఆమెకు ఊరంతా చూపించాడు. అలా చూపించినందుకు పొంగిపోయింది కూడా. బీచిరోడ్డుకి తీసుకెళ్ళాడు. కాలవ గట్ల మీద పెరిగిన మనిషి అంత నీళ్ళు ఒక్కచోట చూసి, ఇన్ని నీళ్ళుండీ ఈ ఊళ్ళో కుళాయి దగ్గర తగువులేంటండీ అని నవ్వించింది. వాల్తేరు అప్‌లాండ్స్‌లో నడిపించాడు. అక్కడ గోడలున్నాయి, క్రోటన్లున్నాయి, కుక్క ఉంది జాగ్రత్త అని బోర్డులున్నాయి గాని మనిషన్నవాడు కనపడలేదు. వీళ్ళంతా దేన్ని దాచుకుంటున్నారో అనుకుంది. వన్‌టౌన్‌లో అందుకు తలకిందులు. కురుపాం మార్కెట్టు సందుల్లో మేడల మీంచి ఆడవాళ్ళు కిందనున్న కొత్త మొహాన్ని నెత్తి నుంచి మడమల దాకా కొలిచారు. జ్ఞానాపురంలో చర్చి గంట విని దణ్ణం పెట్టింది. ఆ పేటలో ఆరేసిన బట్టలన్నీ పోర్టు దుమ్ముకి ఒకే రంగులో ఉండటం చూసి ముక్కు మీద వేలేసుకుంది. పూర్ణా మార్కెట్లో బేరమాడి వంకాయల దగ్గర గెలిచి, అరటికాయల దగ్గర ఓడిపోయింది. జగదాంబ సినిమాహాలు దగ్గర గోళీసోడా తాగింది.

పేట పేటకీ మనుషుల చూపు మారిపోతోంది. ఇది ఒక ఊరు కాదని, పది ఊళ్ళు ఒకదానినొకటి అనుమానంగా చూసుకుంటూ పక్కపక్కన కూర్చున్నాయని ఆమెకు అనిపించింది.

ఇన్ని చూపించినవాడు గాజువాక మాటెత్తితే మాత్రం మొహం తిప్పుకునేవాడు. "అక్కడ ఏముంది రత్నం? లారీలు, దుమ్ము." అక్కడికెళ్ళే బస్సు బోర్డు చదవబోతే, ఓసారి ఆమెను ఇంకోవైపుకి తిప్పేశాడు కూడా.

"వరహాలమ్మగారూ, మీ మేనకోడల్ని చూడాలని లేదా మీకు?"

వరహాలమ్మ చీపురు గోడకి చేర్చింది. "ఎప్పట్నించో అనుకుంటన్నాను. కూకో, సీర మార్సుకొని బేగి వొత్తాను."

*

బస్సు కొత్తరోడ్డు దాటాక ఊరి మొహమే మారిపోయింది. ఒకపక్క ఉప్పునేల, బురద, దూరంగా పొగగొట్టాలు. మరోపక్క ఇనప కడ్డీలు మోసుకెళ్ళే లారీల బారు. బస్సులో సగం మంది గోదావరి, కృష్ణా యాసల్లో మాట్లాడుకుంటున్నారు. కాంట్రాక్టు పన్లకి వచ్చినవాళ్ళు. మిగతా సగం ఈ నేల వాళ్ళు. రెండు సగాలూ ఒకరి మాటలు ఒకరు చెవి ఒగ్గి వింటున్నారు, కలవటం లేదు.

"మీ గోదారోల్లొచ్చి అద్దెలు పెంచేసినారమ్మా," అంది వరహాలమ్మ.

"పెంచింది మీరు కదండీ?"

"మీరిత్తన్నారు గాబట్టే గదా పెంచుతన్నాం."

ఇంకోసారైతే కనకరత్నం నవ్వేది.

వరహాలమ్మ మేనకోడలుండే కాలనీ దగ్గర దిగారు. ముగ్గుపిండితో గీతలు గీసి పంచినట్టున్న జాగాలు. కొన్నిచోట్ల ఇల్లు, కొన్నిచోట్ల పునాది, కొన్నిచోట్ల తాటాకు పాక. బల్బుల్లేని వీధి స్తంభాలకి ఆవుల్ని కట్టేశారు. ఖాళీ అయిన ఊరి అమ్మవారిని రేకుల నీడన దింపి, పసుపు పూశారు. జీడితోటలు పోయిన మనుషులు గుమ్మాల్లో ఊరికే కూర్చుని దారి వంక చూస్తున్నారు. బోరు చుట్టూరా ఉత్తరేణి మోకాలెత్తున పెరిగి ఉంది. కనకరత్నం చీర అంచుకీ గుచ్చుకుంది.

బోరు దగ్గర బిందె నింపుకుంటున్న మనిషిని వరహాలమ్మే పలకరించింది. "అమ్మా, పోర్టులో పంజేసే బాబొకడు ఆదివారాలు ఈ పక్కకొత్తాడా? గుండు సేయించుకున్నాడు."

"ఎందుకు రాడు? దాలయ్యోల్లింటికి." ఆ మనిషి బిందె వదిలేసి కనకరత్నాన్ని ఎగాదిగా చూసింది. మొహం విప్పారింది. "నువ్వు ఆ బాబు ఆడదానివేటి? రా తల్లీ రా. ఈ వారంలో వొత్తావన్నాడు. నీ కోసరమే సూత్తన్నారు అక్కడ."

దొంగని పట్టుకుందామని వస్తే దొంగలు ఎదురుకోలు చేస్తున్నారు. "నా కోసమా?" అని కనకరత్నం వరహాలమ్మ చెయ్యి పట్టుకుంది.

"గట్టిగా ఉండు. ఏటడిగినా నువ్వు సెప్పకు, ఆల్లనే సెప్పనీ," అంది వరహాలమ్మ.

ఇల్లు చిన్నది. కొత్త సున్నం. గుమ్మంలో ఒక ముసలమ్మ చెయ్యి కళ్ళకడ్డం పెట్టుకుని నిలబడింది. కళ్ళు మసకలని చూడగానే తెలుస్తోంది. బోరు దగ్గరి మనిషి ఎవరొచ్చారో చెప్పగానే గబగబా లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి, కనకరత్నం వద్దంటున్నా వినకుండా కాళ్ళ మీద పోసింది.

"కోడలమ్మా, వొచ్చినావా! నాను పోతమ్మని. మా దాలయ్య తల్లిని. కూకో, మంచం మీద కూకో."

కోడలు! కనకరత్నం కళ్ళు ఇంట్లో మూలమూలకీ పరిగెత్తాయి. ఆడమనిషి చీర కోసం, గాజుల కోసం, అద్దం ముందు దువ్వెన కోసం వెతికాయి. ఏమీ లేవు. గోడ మీద ఓ మొగాడి ఫోటో ఉంది. దండ వాడిపోయి ఉంది.

"మీ కోడలు ఏదండీ?" అని అడిగింది.

"దాలయ్య పెల్లామా? గుంటని కని, ఆరోజే పోయింది తల్లీ. ఇప్పుడు ఆడూ పోనాడు. పచ్చకామెర్లు. ఆడికి కొడుకు లేడు, తమ్ముడు లేడు. నేస్తమే గుండు సేయించుకొని పెద్దదినం కానిచ్చినాడు. నా కడుపున పుట్టినోడైనా అలగ సెయ్యడు."

"నేస్తం కట్టినాడా!" అని నోరు తెరిచేసింది వరహాలమ్మ. కనకరత్నం వైపు తిరిగి, "ఓలమ్మో, అదా సంగతి! నేస్తం అంటే మీలాగ వొట్టి సావాసం కాదమ్మా మాకు. అప్పన్న కొండెక్కి, దేవుడి ముందర బట్టలు మార్సుకొని కడతారు. ఆనాటినించి ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే. ఆల్లింట్లో సావైతే ఈల్లకి మైల. గోదారోడు నేస్తం కడతాడని నానేటి కలగన్నానా?"

"కొత్తలో ఒంటరిగా ఉండేవోడు," అంది పోతమ్మ. "మా పాత ఊల్లో జొరంతో పడిపోతే దాలయ్యే మోసుకొచ్చినాడు. నా సేతి సోడంబలి తాగి లేసినాడు. మీ పెద్దోల్లకి తెలిత్తే మా ఇంట తిన్నందుకు ఏటంటారోనని బయం అతనికి. నువ్వు మాత్రం ఏటీ అనవని నమ్మకం."

కనకరత్నానికి ఏడుపొచ్చింది. సవతి లేదు. మొగుడు మరో గుమ్మం తొక్కింది చచ్చిపోయినవాడి తల్లిని చూడ్డానికి. ఇంత మాట నాతో చెప్పడానికి ఏమొచ్చింది ఈ మనిషికి అని కోపమొచ్చింది. కోపం వెనకాలే ప్రేమ కూడా వచ్చింది. పమిటతో కళ్ళు తుడుచుకుంది.

వరహాలమ్మకి మాత్రం అనుమానం తీరలేదు. ఆమె చూపు మంచం అవతలికి పోయింది. అక్కడ ఓ ఆడపిల్ల గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. అయిదారేళ్ళుంటాయి. నూనె కారేలా తల దువ్వి, రెండు జడలకీ ఎర్ర రిబ్బన్లు కట్టారు. పక్కనే మూట.

"ముక్కు సూడమ్మా," అని గొణిగింది వరహాలమ్మ. "మీ ఆయన ముక్కు కాదు గదా?"

కనకరత్నం చూసింది, చూడకుండా ఉండలేకపోయింది. పిల్ల మొహం, గోడ మీది ఫోటో. ఆ వెడల్పు నుదురు, ఆ పలచటి పెదాలు అచ్చం దాలయ్యవే. అలా పోల్చి చూసినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

పోతమ్మ తడుముకుంటూ వెళ్ళి పిల్ల చెయ్యి పట్టి లేపింది. "గౌరీశ్వరీ, లెగు. అమ్మొచ్చింది, నిన్ను తీసుకెల్తాది. దండం ఎట్టు."

కనకరత్నానికి అర్థం కాలేదు. "తీసుకెళ్ళడమేంటండీ?"

"అదేటి కోడలమ్మా? బడి తెరిసేలోగా నువ్వే వొచ్చి తీసుకెల్తానన్నావట గదా. నా కల్లు కానరావు, పొయ్యి రాజేత్తే సేతులు కాలిపోతన్నాయి. గుంటని ఎవులు సూత్తారని నానేడిత్తంటే నేస్తం సెప్పినాడు, మా ఇంట్లో పెరుగుతాది, మా ఆడది ఒప్పుకున్నాది అని."

"ఎప్పుడు చెప్పారు?"

"మొన్న ఆదివారమే. అడిగీ అడగ్గానే ఊఁ అన్నాదట. దేవత అన్నాడు నిన్ను."

కనకరత్నానికి మొగుడి మాటలు గుర్తొచ్చాయి. ఒక్క గది, పిల్ల ఎక్కడ పడుకుంటుంది? ఈ ఊరి దుమ్ము పిల్లకి పడదు. ఆ మాటలన్నీ తన కూతురికే! కామేశ్వరికి చాలని గదిలో ఈ పిల్లకి చోటెలా దొరికింది? సవతి ఉందేమోనని వణికిపోయినప్పుడు కూడా ఇంత నొప్పి కలగలేదు. అప్పుడు దెబ్బ తన మీద పడుతుందనుకుంది. ఇది కూతురి మీద పడింది.

నేను ఒప్పుకోలేదండీ అన్న మాట గొంతు దాకా వచ్చింది.

వరహాలమ్మ చెవిలో గబగబా అంది. "గుంట మీద సెయ్యెయ్యకు. ఏసినావంటే నీదే. రేపొచ్చి తీసుకెల్తానని సెప్పి లెగు. మీ ఆయన కతేటో తేల్సుకున్నాక సూద్దాం."

మంచి సలహాయే. కనకరత్నం లేచింది కూడా.

"మీ ఇంట్లో కామేశ్వరక్క ఉన్నాది గదా?" అంది గౌరీశ్వరి. తనంతట తను మాట్లాడటం అదే మొదలు. "నాకు బొమ్మలిత్తాదట. ఒకే సాప మీద పడుకుంటామట ఇద్దరం."

"ఎవరు చెప్పారు?"

"నేస్తం బాబు."

చాప కూడా పరిచేశాడన్నమాట! ఇద్దరు పిల్లల్నీ పక్కపక్కన పడుకోబెట్టి, తనకి దేవత పీట వేసి, ఇల్లంతా ఒక్కడే కట్టుకున్నాడు. ఇంట్లో ఉన్న మనిషికి ఒక్క ముక్క చెప్పలేదు.

కనకరత్నం మూట అందుకుంది. జాలితో అందుకుందంటే అబద్ధం. ఒళ్ళు మండిపోయి అందుకుంది. అబద్ధం ఆడినవాడి ఎదుట ఆ అబద్ధాన్ని చెయ్యి పట్టుకుని నిలబెట్టాలి.

పిల్ల చెయ్యి చిన్నది, చెమటగా ఉంది. బస్సు వచ్చేదాకా వదల్లేదు. రోడ్డు దాకా పోతమ్మ గొంతు వినిపిస్తూనే ఉంది. చూపు ఆనకపోయినా ఆ ముసలమ్మ బస్సు వైపే తిరిగి ఏదో చెప్తోంది.

*

కంచరపాలెంలో దిగేసరికి ఇంటి ముందు రిక్షా ఆగి ఉంది. పెట్టె అప్పటికే ఎక్కించేశారు. శ్రీరామ్మూర్తి అరుగు మీద పచార్లు చేస్తున్నాడు. గురునాథరావు డ్యూటీ దుమ్ముతో అలాగే గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఇద్దరి మధ్యా ఏం జరిగిందో గాని, ఇద్దరి మొహాలూ మాడిపోయి ఉన్నాయి.

"ఎక్కడికెళ్ళావే? బండి వేళ అయిపోతుంటే!" శ్రీరామ్మూర్తి చూపు కిందికి దిగింది. "ఎవరీ పిల్ల?"

గురునాథరావు పిల్లని చూశాడు. మొహంలో రక్తం ఇంకిపోయింది. గౌరీశ్వరి అతణ్ణి చూసి నవ్వింది గాని, కొత్త మనిషి అరుపుకి జడిసి కనకరత్నం చీర చాటుకి పోయింది.

"ఎవరంటే మాట్లాడవేం?" అన్నాడు శ్రీరామ్మూర్తి. "నేను అనుకున్నంతా అయిందా? ఈయన పిల్లేనా?"

"కాదు," అంది కనకరత్నం. "ఆ మాట ఇంకెప్పుడూ అనకు అన్నయ్యా."

"రత్నం, నేనే చెబుదామనుకున్నాను," అన్నాడు గురునాథరావు.

"చెప్పడం వాళ్ళకి చెప్పేశారు కదండీ. దాలయ్యగారి సంగతి విన్నాను. మీరు చేసిన దానికి దణ్ణం పెడతాను. కానీ నేను ఒప్పుకున్నానని చెప్పారట. నేను ఎప్పుడు ఒప్పుకున్నానండీ? నా కూతురికి చోటు లేదని చెప్పిన నోటితో ఆ మాటెలా అన్నారు?"

అతను తల వంచుకున్నాడు. వరహాలమ్మ తన గుమ్మం దాకా వెళ్ళింది, లోపలికి వెళ్ళలేదు. రిక్షావాడు బీడీ ఆర్పేసి, ఎక్కుతారా దింపమంటారా అన్నట్టు చూస్తున్నాడు. శ్రీరామ్మూర్తి జేబులోంచి టిక్కెట్లు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నిన్ను అడిగితే కాదంటావేమోనని భయం వేసింది రత్నం," అన్నాడు గురునాథరావు చివరికి.

కనకరత్నం పిల్ల చెయ్యి వదల్లేదు. గుమ్మమూ ఎక్కలేదు.

"మీరింకా అడగలేదు," అంది.